హాస్యభంగం: తెలుగు సినిమా, టెలివిజన్ హాస్యంపై ప్రేక్షకుని అసంతృప్తి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

హాస్యచిత్రం చూసి నవ్వు రాకపోవడాన్ని సాధారణంగా వ్యక్తిగత అభిరుచికి సంబంధించిన విషయంగానే భావిస్తారు. ‘నవ్వు రాలేదు’ అన్న ప్రేక్షకుని మాట వెనుక హేతుబద్ధమైన రసవిచారం ఉందని, దానిని భారతీయ అలంకారశాస్త్ర పరిభాషలో వివరించవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. హాస్యానికి ఆధారమైన వికృతి, తన వెనుక నిలిచే ప్రకృతిని పోగొట్టుకున్నప్పుడు హాస్యం భంగపడుతుందన్నది ఇందులోని ప్రధాన వాదం. ‘అమృతం’ ధారావాహిక, దాని కొనసాగింపులు, శ్రీను వైట్ల చిత్రాలు, ‘జబర్దస్త్’ కార్యక్రమం ఇందుకు ముఖ్య ఆధారాలు.

కీలకపదాలు: హాస్యరసం, ఔచిత్యం, రసవిఘ్నం, ప్రేక్షకుడు, అమృతం, కామెడీ ట్రాక్, జబర్దస్త్

ఉపోద్ఘాతం

విషాదాంత చిత్రం చూసి బయటికి వచ్చిన ప్రేక్షకుడు ‘ఏడుపు రాలేదు’ అని ఫిర్యాదు చేయడం అరుదు. కథ సాగదీశారంటాడు, నటన అతిగా ఉందంటాడు. హాస్యచిత్రం విషయంలో మాత్రం అతని తీర్పు క్లుప్తంగా, నేరుగా దేహానుభవం నుంచి వస్తుంది: ‘నవ్వు రాలేదు’. ఈ తీర్పుపై అప్పీలు లేదు. విమర్శకుడు ఎంత వాదించినా రాని నవ్వు రాదు.

బహుశా అందుకే తెలుగు సాహిత్య పరిశోధన ఈ మాటను పెద్దగా పట్టించుకోలేదు. హాస్యంపై వచ్చిన పరిశోధనలు అధికభాగం సఫలమైన హాస్యాన్నే తీసుకొని, శబ్దాశ్రయం, అర్థాశ్రయం, పాత్రాశ్రయం, సన్నివేశాశ్రయం అని వర్గీకరించాయి. పట్టికలు పెరిగాయి. ఒక హాస్యం ఎందుకు పండిందో ఆ పట్టికలు చెప్పలేవు. ఎందుకంటే పండని హాస్యంలోనూ అదే శ్లేష, అదే అపార్థం, అదే మారువేషం ఉంటాయి. వైద్యశాస్త్రం ఆరోగ్యాన్ని రోగం ద్వారా తెలుసుకున్నట్లు, హాస్యస్వరూపం దాని వైఫల్యంలోనే స్పష్టంగా బయటపడే అవకాశం ఉంది. విఫలహాస్యానికి అందుబాటులో ఉన్న మొదటి సాక్ష్యం ప్రేక్షకుని అసంతృప్తి.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. ఆశ లేనివాడికి ఆశాభంగం ఉండదు. ఒక హాస్యచిత్రం తనను నిరాశపరచిందని చెప్పే ప్రేక్షకుడు ఆ దర్శకుని పూర్వచిత్రానికో, ఆ నటుని పూర్వపాత్రకో, ఆ ధారావాహికలోని పాత భాగాలకో మనసారా నవ్వినవాడు. ఆలంకారికులు సహృదయునికి వాసన, అంటే పూర్వానుభవ సంస్కారం, అవసరమన్నారు. నిరాశపడిన ప్రేక్షకుడికి ఆ సంస్కారం తప్పనిసరిగా ఉంటుంది. కనుక అతని మాటను అభిరుచిలేమిగా కొట్టివేయడం కుదరదు.

అనౌచిత్యంలోని ఔచిత్యం

భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో హాస్యానికి హాసాన్ని స్థాయిభావంగా చెప్పి, వికృతవేషం, వికృతాలంకారం, ధార్ష్ట్యం, లౌల్యం, కుహకం, అసత్ప్రలాపం, వ్యంగదర్శనం, దోషోదాహరణం మొదలైనవాటిని విభావాలుగా పేర్కొన్నాడు. ఈ జాబితాలోని ప్రతి అంశమూ ఏదో ఒక మర్యాదను దాటడమే. దేశానికి తగని వేషం, వయసుకు తగని ఆశ, సందర్భానికి తగని మాట. అభినవగుప్తుడు దీనినే సూత్రప్రాయం చేసి, అనౌచిత్యంతో ప్రవర్తించడం హాస్యానికి విభావమవుతుందన్నాడు.

అయితే అనౌచిత్యాన్ని మించిన రసభంగకారణం మరొకటి లేదని ఆనందవర్ధనుడు అంతకుముందే చెప్పి ఉన్నాడు. క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని రసానికి ప్రాణమన్నాడు. మిగిలిన రసాలను చంపేదే హాస్యాన్ని బతికిస్తున్నదంటే, హాస్యాన్ని చంపేది ఏది? తరగతి గదిలో ఈ ప్రశ్న తరచుగా పక్కకు పోతుంది. హాస్యం భంగపడదని అనుకోవడానికి లేదు, భంగపడిందని ప్రేక్షకుడు వారం వారం చెబుతూనే ఉన్నాడు.

వికృతి అన్న మాటలోనే సమాధానం ఉంది. ప్రకృతి ఉంటేనే వికృతి. వంకర గీత వంకరగా కనిపించడానికి పక్కన తిన్నని గీత ఉండాలి, కనీసం చూసేవాడి మనసులోనైనా ఉండాలి. జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’ (1987)లో కోట శ్రీనివాసరావు ధరించిన పిసినారి లక్ష్మీపతి, కోడిని దూలానికి వేలాడదీసి, దానిని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. ఈ దృశ్యం ఎంత అసంభవమైనా ప్రేక్షకుడు నవ్వుతాడు. కారణం, లక్ష్మీపతి ప్రవర్తన అంతటికీ ఒక తర్కం ఉంది. ఖర్చు లేకుండా ఫలం దక్కాలి అన్న ఒక్క సూత్రాన్ని అతడు ఎక్కడా తప్పడు. అతని చుట్టూ ఉన్నవారు మాత్రం మామూలు మనుషులు, ఆకలి వేస్తే తినాలనుకునేవారు. ఆ మామూలుతనం ప్రకృతి, లక్ష్మీపతి లౌల్యం వికృతి. అనౌచిత్యంలోనూ ఇలా ఒక ఔచిత్యం పనిచేస్తుంది: వికృతపాత్ర తన వికృతికి కట్టుబడి ఉండాలి, దాని చుట్టూ ఉన్న లోకం తన ప్రకృతికి కట్టుబడి ఉండాలి. ఈ రెండింటిలో ఏది సడలినా ప్రేక్షకునికి మిగిలేది అల్లరి మాత్రమే.

అసంభవం హాస్యానికి శత్రువు కాదని చెప్పడానికి ‘మాయాబజార్’ (1957) చాలు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి పెళ్లికూతురై కూర్చోవడం ఏ కొలతతో చూసినా అసంభవమే. సావిత్రి దేహంలో ఎస్.వి. రంగారావు నడక కనిపిస్తుంది. కాని చుట్టూ పెళ్లి ఇంటి మర్యాద చెక్కుచెదరలేదు: వియ్యాలవారి అతిశయం, పురోహితుల హడావిడి, పెళ్లికొడుకు గోము, విడిది ఏర్పాట్లు. తెలుగు ప్రేక్షకుడు తాను వెళ్లివచ్చిన పెళ్లిళ్లను అందులో గుర్తుపడతాడు. మాయ అంతా ఆ గుర్తుపట్టిన నేల మీద జరుగుతుంది.

అమృత విలాస్ నుంచి చందమామ దాకా

పై వాదాన్ని పరీక్షించడానికి ‘అమృతం’ కంటే అనువైన ఉదాహరణ దొరకడం కష్టం. గుణ్ణం గంగరాజు రూపొందించిన ఈ ధారావాహిక 2001 నవంబరు నుంచి 2007 నవంబరు వరకు జెమిని టీవీలో 313 భాగాలుగా ప్రసారమైంది. అమృతరావు, ఆంజనేయులు అనే ఇద్దరు మిత్రులు ‘అమృత విలాస్’ అనే హోటలు నడుపుతారు. సర్వం అందులో సర్వరు. అప్పాజీ ఇంటి యజమాని, అద్దె వసూలు చేసుకోవలసినవాడు. సంజీవిని, శాంత ఈ మిత్రుల భార్యలు. ఇంతే ప్రపంచం.

ఈ ప్రపంచానికి ఒక ఆర్థికశాస్త్రం ఉంది. హోటలు సరిగా నడవదు, అద్దె బాకీ పడుతుంది, బాకీ తీర్చడానికో సుఖపడడానికో అమృతం, అంజి ఒక అడ్డదారి వెతుకుతారు, ఆ అడ్డదారి వారినే ముంచుతుంది, చివరికి మొదట ఉన్నచోటికే వస్తారు. భరతుడు చెప్పిన లౌల్యమే ఇక్కడా విభావం. అయితే అది ఎంత చిన్న లౌల్యం! ఈ మిత్రులు రాజ్యాలు కోరలేదు, నెలాఖరు గడవాలని కోరారు. జీతం మీద బతికే మధ్యతరగతి ప్రేక్షకుడికి అద్దె ఏమిటో తెలుసు, అప్పు ఏమిటో తెలుసు, ఇంటావిడకు చెప్పకుండా దాచిన విషయం బయటపడితే ఏమవుతుందో మరీ బాగా తెలుసు. అతని రోజువారీ జీవితమే ఆ ధారావాహికకు ప్రకృతి. ఆదివారం రాత్రి అతడు తన ఇంటినే కాస్త వంకర అద్దంలో చూసుకున్నాడు.

ఆరేళ్లలో అమృతరావు పాత్రధారి మారుతూ వచ్చాడు. శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ఈ పాత్రను వరుసగా ధరించారు. ముఖం మారిన ప్రతిసారీ ప్రేక్షకుడు మొదట గొణిగి, తరువాత సర్దుకుపోయాడు. సాధారణ విమర్శ హాస్యాన్ని నటుని ముఖకవళికలకే అంటగడుతుంది. ఆ లెక్కన ఈ ధారావాహిక మొదటి మార్పుతోనే ఆగిపోవలసింది. ఆగలేదంటే ప్రేక్షకుడు పట్టుకున్నది ముఖాన్ని కాదు, అమృతరావు అనే తర్కాన్ని.

2014లో గంగరాజే స్వయంగా ‘చందమామలో అమృతం’ చిత్రం తీశారు. అమృతంగా అవసరాల శ్రీనివాస్, అంజిగా హరీశ్ నటించారు. అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి కొనసాగారు. కథను చంద్రమండలానికి తీసుకుపోయి, హోటలును అక్కడ పెట్టించారు. చిత్రం వాణిజ్యపరంగా నిలబడలేదు. ధారావాహికకు అంతగా నవ్విన ప్రేక్షకులు థియేటరులో నిరాశపడ్డారు.

కొత్త నటులు కారణమన్నది సులభమైన సమాధానం. ముగ్గురు నటులు ధరించిన పాత్రకు అది పూర్తిగా అన్వయించదు. సృష్టి కూడా ఒకరిదే కనుక మూలాన్ని అర్థం చేసుకోలేని దర్శకుడు పాడుచేశాడని అనడానికీ లేదు. సంభావ్యత లోపించిందని, అభినవగుప్తుడు చెప్పిన సంభావనావిరహమనే రసవిఘ్నం ఇదేనని అనవచ్చు. ‘మాయాబజార్’ను అంగీకరించిన ప్రేక్షకునికి చంద్రమండలం అడ్డంకి కాకూడదు. అసలు చిక్కు చంద్రుడు అసంభవం కావడంలో లేదు, చంద్రుని మీద మామూలుతనం లేకపోవడంలో ఉంది. అక్కడ నడక వింత, తిండి వింత, ఇల్లు వింత. చుట్టూ ఉన్నదంతా వింత అయినప్పుడు అమృతం వింత మనిషిగా కనిపించడు. అడ్డదారి తొక్కడానికి ముందు ఒక రాజమార్గం ఉండాలి కదా. వికృతి నేపథ్యంలోకి పోయింది, పాత్రలు ప్రకృతి స్థానంలోకి వచ్చాయి, అంటే తలకిందులైంది. ప్రేక్షకుడు ఈ మాటలతో చెప్పకపోవచ్చు. ‘మన అమృతంలా లేదు’ అన్న అతని వాక్యంలో ‘మన’ అన్నది ఆ నేలనే సూచిస్తుంది.

సినిమా తెర కూడా ఇందులో భాగస్వామే. ఇరవై నిమిషాల చిన్న ఆశ, చిన్న పతనం ఇంటి టీవీకి సరిపోతాయి. టిక్కెట్టు కొన్నవాడికి పెద్దది చూపించాలన్న తపనలో పరిమాణం పెరిగింది, ఆ పెరిగిన పరిమాణానికి తగిన కోరిక మాత్రం ఆ మిత్రులకు లేదు.

‘మళ్లీ అదే’

హాస్యం గురించి తెలుగు ప్రేక్షకుడు చేసే మరొక ఫిర్యాదు పునరుక్తి. మొదటిచూపులో ఇది విచిత్రమైన ఫిర్యాదు. ‘అమృతం’లో ఆరేళ్లపాటు అదే ఇద్దరు అదే గోతిలో పడ్డారు, ఎవరూ ‘మళ్లీ అదే’ అనలేదు. శ్రీను వైట్ల చిత్రాల విషయంలో ఆ మాట గట్టిగా వినిపించింది.

‘ఢీ’ (2007), ‘రెడీ’ (2008), ‘దూకుడు’ (2011), ‘బాద్‌షా’ (2013), ‘ఆగడు’ (2014) చిత్రాలను వరుసగా చూస్తే ఒక చట్రం కనిపిస్తుంది. కథానాయకుడు ప్రత్యర్థుల గూటిలోకో, వారికి సంబంధించిన ఇంట్లోకో మారుమాటలతో ప్రవేశిస్తాడు. అక్కడ బ్రహ్మానందం పాత్ర అతని పథకంలో ఇరుక్కుంటుంది, పరిశ్రమ వాడుకలో చెప్పాలంటే ‘బకరా’ అవుతుంది. ‘ఢీ’లో చారి, ‘రెడీ’లో ఆడిటరు మెక్‌డోవెల్ మూర్తి, ‘దూకుడు’లో పద్మశ్రీ, ‘ఆగడు’లో ఢిల్లీ సూరి. తొలి చిత్రాలలో బకరా తెలిసి ఇరుక్కున్నవాడు. నిజం చెబితే ప్రాణం పోతుంది, చెప్పకపోతే పరువు పోతుంది. నోటిదాకా వచ్చిన మాటను మింగడంలో బ్రహ్మానందానికి సాటి లేదు. ‘దూకుడు’లో ఇది ఇంకో మెట్టు ఎక్కింది: ఇంట్లో జరుగుతున్నదంతా టీవీ రియాలిటీ షో అని పద్మశ్రీ, సినిమా చిత్రీకరణ అని ఎం.ఎస్. నారాయణ పాత్ర నమ్ముతారు. ఒకే ఇంట్లో మూడు లోకాలు, ఏ ఒక్కటీ మరొకదాన్ని తాకకుండా నడవాలి. ఆ నిర్మాణం నిజంగా కష్టసాధ్యం, ప్రేక్షకుడు దానిని ఆదరించాడు.

అదే దర్శకుడు, అదే కథానాయకుడు మహేష్‌బాబు, అదే బ్రహ్మానందం మూడేళ్ల తరువాత ‘ఆగడు’ చేస్తే అదే ప్రేక్షకుడు తిరస్కరించాడు. ‘అమృతం’తో పోల్చినప్పుడు తేడా తేటపడుతుంది. అక్కడ మనిషి అతడే, వల ప్రతివారం కొత్తది. ఇక్కడ వల అదే, అందులో పడే మనిషి పేరు మాత్రమే కొత్తది. స్వభావం పునరుక్తమైతే పరిచయం పెరుగుతుంది, ఉపాయం పునరుక్తమైతే పరిచయం హాస్యాన్ని మింగేస్తుంది. వల ఎక్కడ విప్పుకుంటుందో ప్రేక్షకునికి ముందే తెలిసినప్పుడు బకరా ఆందోళన అతనికి ఆందోళనగా తోచదు. ఫ్రెంచి తత్త్వవేత్త బెర్గ్‌సన్ 1900లో ప్రచురించిన హాస్యవిచారంలో, సజీవమైనదానిపై యాంత్రికత ఆవరించడమే నవ్వుకు మూలమన్నాడు. ఈ చిత్రాలలో యాంత్రికత పాత్రను వదిలి రచనను ఆవరించింది. మనిషి యంత్రంలా ప్రవర్తిస్తే నవ్వు వస్తుంది, కథ యంత్రంలా ప్రవర్తిస్తే ఆవలింత వస్తుంది.

బ్రహ్మానందం సినిమాలలోకి రాకముందు అత్తిలిలో తెలుగు అధ్యాపకుడన్న సంగతి ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు. ‘అహ నా పెళ్ళంట’లోని అరగుండు నుంచి ఆయన హాస్యానికి మాట విరుపే ప్రాణం. అంతటి నటుడు కూడా చట్రం బిగిసిన తరువాత దానిని బతికించలేకపోయాడన్నది, నటునిపైనే భారం వేసే విమర్శకు మరొక సమాధానం.

ఈ సందర్భంలో కామెడీ ట్రాక్ ప్రస్తావన ఒక్కమాటలో సరిపోతుంది. ప్రధానకథతో ముడిపడకుండా వేరుగా రాసి, వేరుగా తీసి, మధ్యమధ్య అతికించే పద్ధతి తొంభైలలో బలపడింది. కోట శ్రీనివాసరావు, బాబూమోహన్ జంట చేసిన అనేక సన్నివేశాలు విడిగా ఇప్పటికీ నవ్విస్తాయి. చిత్రంలో భాగంగా చూసినప్పుడు ‘అతకలేదు’ అంటాడు ప్రేక్షకుడు. రసవిఘ్నాలలో అప్రధానత అని అభినవగుప్తుడు చెప్పినది ఇదే.

నవ్వి చూపించడం

2013లో ఈటీవీలో ప్రారంభమైన ‘జబర్దస్త్’ తెలుగు టెలివిజన్ హాస్యస్వరూపాన్ని మార్చింది. రంగస్థల నేపథ్యం లేనివారికి, చిన్న ఊళ్ల నుంచి వచ్చినవారికి వేదిక దొరికింది. వారిలో పలువురు సినిమాలలో నిలదొక్కుకున్నారు. ఈ మేలును విస్మరించి ఆ కార్యక్రమాన్ని విమర్శించడం న్యాయం కాదు. అయినా దానిని మొదటి నుంచీ చూసినవారే క్రమంగా ‘ముందులా నవ్వు రావడం లేదు’ అనడం వినిపిస్తుంది.

ఈ కార్యక్రమంలో స్కిట్‌తోపాటు న్యాయనిర్ణేతల నవ్వును కూడా తెర మీద చూపుతారు. ప్రతి పంచ్ తరువాత కెమెరా వారివైపు తిరుగుతుంది. అమెరికా టెలివిజన్ 1950ల నుంచి ముందుగా రికార్డు చేసిన నవ్వులను కలుపుతూ వచ్చింది, ఇది దానికి కనిపించే రూపం. దీని వెనుక శాస్త్రసమ్మతమైన ఊహ ఒకటి ఉంది. హాస్యం సంక్రమించే గుణం గలదని, పుల్లని దానిమ్మను తినేవాణ్ణి చూస్తే చూసేవాడి నోట నీరూరినట్లు నవ్వేవాణ్ణి చూసినా నవ్వు వస్తుందని అభినవగుప్తుడు పరస్థహాస్యాన్ని వివరించాడు. అయితే ఆ ఉపమానంలో దానిమ్మ కూడా ఉంది. పులుపు ఉందని నమ్మినప్పుడే నోరు ఊరుతుంది. పంచ్ పేలవంగా ఉండి, నవ్వు మాత్రం కుర్చీలోంచి దొర్లిపడేంతగా ఉంటే, ప్రేక్షకుడు ఆ నవ్వునే శంకించడం మొదలుపెడతాడు. ఒకసారి శంక కలిగిన తరువాత మంచి స్కిట్‌కు వచ్చిన నిజమైన నవ్వునూ నమ్మడు. స్మిత, హసిత, విహసిత, ఉపహసిత, అపహసిత, అతిహసితాలని భరతుడు ఆరు అంతరువులు చెప్పాడు. తెర మీద ఎప్పుడూ అతిహసితమే కనిపిస్తే, ఇంట్లో పెదవి మీద పుట్టవలసిన స్మితానికి చోటు దొరకదు.

‘ఇబ్బందిగా ఉంది’

అసంతృప్తి మరొక రూపంలోనూ వినిపిస్తుంది. ఇది ఎక్కువగా ప్రేక్షకురాలి నోట వినిపించే మాట: ‘పిల్లలతో కలిసి చూడాలంటే ఇబ్బందిగా ఉంది’. స్త్రీవేషం వేసిన పురుషుడిని చూపి స్త్రీనే వెక్కిరించడం, భార్యను తిట్టడం మీద వరుసగా పంచ్‌లు కట్టడం, నల్లటి రంగును, లావును, పొట్టితనాన్ని, నత్తిని నవ్వుకు సాధనం చేయడం ఇందులోకి వస్తాయి. సినిమా దీనికి మినహాయింపు కాదు. ‘ఎఫ్3’ (2022)లో వెంకటేష్ పాత్రకు రేచీకటి, వరుణ్ తేజ్ పాత్రకు నత్తి పెట్టి, ఆ లోపాలను దాచుకోవడం చుట్టూ హాస్యాన్ని నడిపారు.

శాస్త్రం పేరు చెప్పి దీనిని ఖండించాలనుకునేవారికి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. అంగవైకల్యాన్ని చూడడం, అంటే వ్యంగదర్శనం, భరతుడు చెప్పిన విభావాలలోనే ఉంది. హాస్యంలోని ఆరు భేదాలను ఉత్తమ, మధ్యమ, అధమ ప్రకృతులకు పంచడంలోనూ ఆనాటి సామాజిక శ్రేణి స్పష్టంగా ఉంది. ఈ భాగాన్ని దాటవేసి భరతుని నుంచి అనుకూలమైనదే తీసుకోవడం పరిశోధన అనిపించుకోదు. శాస్త్రం నాటి ప్రేక్షకుడు వైకల్యాన్ని చూసి నవ్వి ఉండవచ్చు.

నేటి ప్రేక్షకురాలు నవ్వలేకపోతున్నదంటే మారింది ప్రకృతి. వికృతి అన్నది దేనితో పోల్చి వికృతి అన్న ప్రశ్నకు సమాజం ఇచ్చే సమాధానం మారింది. నత్తి ఉన్న పిల్లవాడు అదే ఇంట్లో, అదే సోఫాలో కూర్చుని ఉన్నప్పుడు అది అతని ప్రకృతి, వికృతి కాదు. ఇక్కడ అలంకారశాస్త్రమే మరొక వైపు నుంచి తోడ్పడుతుంది. సాహిత్యదర్పణం హాస్యానికి కరుణను విరోధిరసంగా చెప్పింది. నవ్వించబోయిన పాత్రలో బాధ కనిపించిన మరుక్షణం హాసం నిలబడదు. బెర్గ్‌సన్ కూడా నవ్వుకు హృదయం కాసేపు స్పర్శ కోల్పోవాలన్నాడు. ‘ఇబ్బంది’ అంటే ఆ స్పర్శ తిరిగి రావడం, కరుణ పిలవకుండా లోపలికి రావడం. ఈ మాట అనే ప్రేక్షకురాలిని హాస్యప్రియత్వం లేనిదని ఎగతాళి చేయడం వాడుకైంది. ఆమెకు లోపించినది హాస్యప్రియత్వం కాదు, స్పర్శరాహిత్యం.

‘కన్యాశుల్కం’ గిరీశాన్ని ఈ సందర్భంలో తలచుకోకుండా ఉండలేం. అతనిలో ధార్ష్ట్యం ఉంది, కుహకం ఉంది, అసత్ప్రలాపం కావలసినంత ఉంది. అతని అంగంలో ఏ లోపమూ లేదు. అతని వికృతి అంతా అతను ఎంచుకున్నది, వదులుకోదలిస్తే వదులుకోగలిగినది. వందేళ్లు దాటినా గిరీశాన్ని చూసి నవ్వడానికి ఎవరికీ ఇబ్బంది కలగకపోవడానికి ఇదొక కారణం. పాత్ర ఎంచుకున్న వికృతి, పాత్రకు పుట్టుకతో వచ్చిన వికృతి అన్న విభజన భరతుని జాబితాలో లేదు. నేటి ప్రేక్షకుల అసంతృప్తి ఆ జాబితాలో అలాంటి గీత గీస్తున్నది.

ప్రేక్షకుని వైపు నుంచి

ఇంతవరకు ప్రేక్షకుని పక్షాన వాదించిన తరువాత, అతని ప్రతి నిరాశా కృతిలోని దోషమే కాదని చెప్పకపోతే ఈ పరిశీలన ఏకపక్షమవుతుంది. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకు వశుడై ఉండడాన్ని అభినవగుప్తుడు ఒక రసవిఘ్నంగా చెప్పాడు. హాస్యానికి ఈ విఘ్నం జ్ఞాపకం రూపంలో వస్తుంది.

2020 ఉగాదికి ‘అమృతం ద్వితీయం’ జీ5 వేదికపై మొదలైంది. ఈసారి చంద్రమండలం లేదు. కథ మళ్లీ నేల మీదికి, అమృత విలాస్‌కు వచ్చింది. అమృతంగా హర్షవర్ధన్ తిరిగి వచ్చాడు. ఇంతవరకు చేసిన వాదం ప్రకారం హాస్యం పండాలి. అయినా పాత ప్రేక్షకులలో అసంతృప్తి వినిపించింది. అంజి పాత్రను తొలినుంచి ధరించిన గుండు హనుమంతరావు 2018లో మరణించారు. ఆ స్థానంలోకి ఎల్.బి. శ్రీరామ్ వచ్చారు. మాండలికం మీద, మాట వేగం మీద ఆయనకున్న పట్టు తెలుగు ప్రేక్షకులు ఎరిగినదే. అయినా అంజి నోరు విప్పినప్పుడల్లా పాత ప్రేక్షకుడు మరొకరి గొంతు కోసం ఎదురుచూశాడు. హాసం పుట్టవలసిన చోట శోకం పుట్టింది. దీనికి రచయితనో, నటుడినో తప్పు పట్టలేం.

ఇక్కడ మునుపటి వాదాన్ని ఒకచోట సవరించుకోవలసి వస్తుంది. ముగ్గురు అమృతాలను ప్రేక్షకుడు అంగీకరించాడంటే అతడు ముఖాన్ని కాక తర్కాన్నే పట్టుకున్నాడని పైన అనుకున్నాం. ఆ ముగ్గురి పక్కనా ఉన్న అంజి మాత్రం ఒక్కడే. బహుశా ఆ ధారావాహికకు అద్దె, హోటలు, ఇంటి గొడవలతోపాటు గుండు హనుమంతరావు ముఖం కూడా ప్రకృతిలో భాగమైంది. అమృతం ఎన్నిసార్లు మారినా పక్కన మారని మనిషి ఒకడున్నాడు. ‘చందమామలో అమృతం’ నేలనూ మార్చింది, అంజినీ మార్చింది, కనుక ఏది ఎంత నష్టం చేసిందో ఆ ఒక్క చిత్రంతో తేల్చలేం. ‘ద్వితీయం’ నేలను నిలిపి అంజిని మార్చింది. రెండింటిపైనా వచ్చిన అసంతృప్తిని పక్కపక్కన పెట్టి వింటే మాటల్లో తేడా ఉంది. మొదటిదాని గురించి ప్రేక్షకుడు ‘నవ్వు రాలేదు’ అన్నాడు. రెండవదాని గురించి ‘అంజి గుర్తొచ్చాడు’ అన్నాడు.